మోకాలి లోతు

ముందు ఆరో లెవల్ కట్టాను.
పళ్ళ చక్రాలు, కరిగిపోయే మెట్లు,
రెప్ప వేస్తే కూలే వంతెన.
కావలి ట్రంకురోడ్డు మీద, జిరాక్సు షాపు పైగదిలో
నా ఆటలో నేనే నూటపదిసార్లు చచ్చి
మురిసిపోయాను.

మొదటి లెవల్ మాత్రం
మూడు వారాలైనా కుదరలేదు.

పెంచలయ్య బాబాయి చేతిలో ఫోను పెట్టాను.
రొయ్యల గుంటల కాడ రాత్రి కాపలా ఆయనకి,
పగలు ఖాళీ.
అడుగడుక్కీ బోర్డులు రాసి ఉంచాను గదా,
ఎగరడానికి ఇది నొక్కండి,
గోడ పట్టుకోవడానికి ఇది నొక్కి ఉంచండి,
జాగ్రత్త, ముందు గొయ్యి.
ఒక్కటీ చదవలేదు.
నేరుగా నడిచి గోతిలో పడ్డాడు.
మళ్ళీ నడిచాడు, మళ్ళీ పడ్డాడు.
"బోర్డుంది చూడు బాబాయ్."
"మా మోటారు షెడ్డుకీ ఉందబ్బయా బోర్డు,
పుర్రె బొమ్మ గూడా ఏశారు.
దాని మీద నా తువ్వాలు ఆరేసుకుంటా."

ఫోను నా ఒళ్ళో పడేసి బీడీ వెతుక్కున్నాడు.

ఆ రాత్రి ఆయన వెంట
జువ్వలదిన్నె వైపు గుంటలకి పోయాను.
ఏరేటర్లు తెల్లటి నురగ చిమ్ముతూ తిరుగుతున్నాయి
అచ్చం నా పళ్ళ చక్రాల్లాగే,
కాకపోతే వీటికి కరెంటు బిల్లు వస్తుంది.
కొత్తగా చేరినవాడు మాల్యాద్రి, పంతొమ్మిదేళ్ళుంటాయి.
మొదటిరోజు ఖాళీ చేతుల్తో కట్ట మీద తిప్పాడంట, పగటిపూట.
రెండోరోజు భుజాన మేత బస్తా, కట్ట అదే.
ఇవాళ బస్తా లేదు, చీకటి ఉంది.
బాబాయి టార్చి ఆర్పి
తన జేబులో వేసుకున్నాడు.

మూల తిరిగే చోట బంకమట్టి.
నాకు తెలుసు, వాడికి తెలీదు.
"ఒరే..." అనబోయాను.
బాబాయి నా మోచెయ్యి నొక్కాడు.

జారాడు. దబ్బుమని పడ్డాడు.
లేచి నిలబడితే నీళ్ళు మోకాళ్ళ దాకా.
ఆ మూల ఒక్కటే అట్టా మెరక,
మిగతా చుట్టూ ఛాతీ మీదికొస్తాయి.
తిట్టుకుంటూ కట్టెక్కాడు.
రెండో మూలలో, ఎవరూ చెప్పకుండానే,
చెప్పులిప్పి చేత పట్టుకుని
బొటనవేలితో నేలనడిగి అడుగేశాడు.
మూడో మూలలో బంకమట్టీ ఉంది, తూము గండీ ఉంది.
వాడు ఆగాడు.
ఆ ఆగడమే
మూడు వారాలుగా నేను బోర్డుల్లో రాస్తున్నది.

తెల్లారి బోర్డులన్నీ పీకేశాను.
మొదటి గొయ్యి మోకాలి లోతుకి పూడ్చాను,
పడితే చావరు, ఎగరకుండా ఎక్కలేరు.
రెండోది అదే వెడల్పు, అడుగున మేకులు.
ఆ తర్వాత ఒకే ఒక్క చక్రం, నిదానంగా.
దాని కిందకి ముందు ఓ ఎండుటాకు దొర్లుకుంటూ పోయి
పొడైపోతుంది.
అంతకు మించి హెచ్చరిక లేదు.

ఇక దిద్దాల్సింది నన్ను.
బాబాయి ఆడుతున్నంతసేపూ
నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాను.
"ఎగురు" అన్న ఒక్క మాట మింగడం ఇంత కష్టమని
ఆరో లెవల్ కట్టినప్పుడు కూడా తెలీలేదు.

గోతి అడుగున ఆయన అటూ ఇటూ తచ్చాడాడు.
వేలెక్కడో తగిలింది. బొమ్మ గెంతింది.
కనుబొమలు లేచాయి.
గట్టెక్కాక కూడా, ఏ అవసరమూ లేకుండా,
ఇంకో మూడుసార్లు గెంతించాడు.

ఆదివారానికి ఆరో లెవల్ కొచ్చాడు.
నలభైరెండు చావులు.
నన్నూ, నా కంప్యూటర్నీ, నాకు చదువు చెప్పిన కాలేజీనీ
కలిపి తిట్టాడు.
ఫోను మాత్రం వదల్లేదు.

"ఎవరు నేర్పారు బాబాయ్ నీకు?"
ఉండబట్టలేక అడిగాను.
"ఒకరు నేర్పేదేంది?
నాకే వచ్చేసింది."

నిజం చెప్పాలంటే కాస్త ఉడుక్కున్నాను.
ఆ రాత్రి మాల్యాద్రిని అడిగాను,
చీకట్లో కట్ట మీద నడక ఎవరు నేర్పారని.
వాడూ అదే మాట.

గుంట అవతల బాబాయి,
ఏమీ విననట్టు,
చెక్ ట్రే పైకి లాగి
రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూస్తున్నాడు.